తెల్లచారల హవార్తియా ఎంత పెరుగుతుంది, ఎన్నాళ్లకు పెరుగుతుంది

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, ఇదే తిప్పలో ఉన్న మరికొందరికీ పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఫ్లాట్. దళసరి ఆకుల చిన్న కుండీ మొక్క తెల్లచారల హవార్తియా కొని ఏడాది దాటింది. హాల్లో టీవీ పక్కన పెట్టారు, వారానికోసారి నీళ్లు పోస్తున్నారు. కొన్నప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. డాలస్‌లో మీ వదినగారి కిటికీలో అదే మొక్క అరచేయి వెడల్పయి పిలకలు కూడా వేసింది. మీ ఆఫీసులో పక్క సీటాయన మొక్క ఆరు నెలల్లో రెట్టింపు ఎత్తుకు వెళ్లింది. మీది మాత్రం ఎందుకు ఆగిపోయింది, ఏ ఎరువు వేయాలి, అసలు చివరికి ఎంత అవుతుంది అని అడిగారు.

సైజు సంగతి తేలిక, ముందు అది చెప్పేస్తాను. ఈ మొక్కలో ఒక్కో ఆకుల గుత్తి పూర్తిగా ఎదిగాక 10 నుంచి 15 సెం.మీ. వెడల్పు ఉంటుంది. ఎత్తు కూడా ఇంచుమించు అంతే. ఆ తరవాత గుత్తి ఇంకా పెద్దది కాదు, మొదలు దగ్గర పిలకలు వేసి గుంపు కడుతుంది. నర్సరీ నుంచి వచ్చేటప్పుడు సాధారణంగా ఐదారు సెంటీమీటర్లు ఉంటుంది. అక్కడి నుంచి పూర్తి సైజుకు రావడానికి, అన్నీ అనుకూలిస్తే, మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. అంటే ఏడాదికి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు. రోజూ చూసే కంటికి అది ఆనదు. కనక మీ "ఏమీ పెరగలేదు"లో కొంత చూపు పొరపాటు ఉంటుంది, కొంత నిజం ఉంటుంది. టీవీ పక్కన అన్నారు చూడండి, అందువల్ల మీ విషయంలో నిజం పాలే ఎక్కువని నా అనుమానం.

ఇంతకీ మీరు చెప్పిన మూడు మొక్కల్లో నాకు దిగులు కలిగించింది మీది కాదు, ఆ ఆఫీసు మొక్క. హవార్తియా ఆరు నెలల్లో రెట్టింపు ఎత్తయిందంటే అది పెరగలేదు, సాగింది. వెలుతురు చాలనప్పుడు ఆకులు సన్నబడి, పొడుగై, లేత ఆకుపచ్చకు తిరిగి పైకి నిక్కుతాయి. ఆకు ఆకుకూ మధ్య సందు కనిపిస్తుంది, తెల్లచారలు పలచబడతాయి, చేత్తో పట్టుకుంటే బిగువు ఉండదు. అలా సాగిన ఆకు మళ్లీ పొట్టిది కాదు. ఆ తరవాత ఎంత మంచి వెలుతురులో పెట్టినా కింద సాగిన భాగం అలాగే ఉండి, పైన బిగువైన కొత్త ఆకులు వస్తాయి, మొక్క ఆకారం వికారంగా తయారవుతుంది. ఈ జాతిలో వేగం కనిపిస్తే మెచ్చుకోకండి, అనుమానించండి. ఆయనను చూసి మీరు నొచ్చుకోవాల్సిన పని లేదు. వీలైతే ఆయనకే ఓ మాట చెప్పండి, కుండీని కిటికీ దగ్గరికి జరపమని.

మీది ఏ జాతో కూడా తేల్చుకుందాం. ఆకు లోపలి వైపు కూడా తెల్లని బుడిపెలు ఉన్నాయని రాశారు. అయితే అది అటెన్యుయేటా. కుండీకి గుచ్చిన చీటీ మీద ఫాసియాటా అని ఉంటే నమ్మకండి. ఫాసియాటాకు ఆకు లోపలి వైపు నున్నగా ఉంటుంది, చారలన్నీ వెలుపలి వైపే. అది అరుదు, మార్కెట్లో ఆ పేరుతో దొరికేవి చాలావరకు అటెన్యుయేటాలే. ఈ రెండింటినీ గోర్డన్ రౌలీ 2013లో హవార్తియా నుంచి విడదీసి హవార్తియాప్సిస్ అనే ప్రజాతిలో చేర్చాడు. నర్సరీలవాళ్లు ఇంకా పాత పేరుతోనే అమ్ముతున్నారు, నేనూ అదే వాడుతున్నాను. సైజులో ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా సక్యులెంట్, అంటే దళసరి ఆకుల్లో నీరు దాచుకునే మొక్క, అనే ఒకే చీటీ కింద పక్కపక్కన అమ్మే వేరే మొక్కలతో వస్తుంది. జేడ్ మనిషి ఎత్తు దాకా ఎదగగల పొద. రణపాల ఒక్క వానాకాలంలో మోకాలెత్తుకు వస్తుంది. రాళ్లలా కనిపించే లిథాప్స్ ఏడాది మొత్తానికి ఒక్క జత ఆకులు మార్చుకుంటుంది, అంతే. వీటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఏది పెరిగింది, ఏది పెరగలేదు అని చూస్తే లెక్క ఎప్పటికీ కుదరదు.

ఇంత నెమ్మది ఎందుకో తెలిస్తే ఎరువు మీద ఆశ దానంతట అదే తగ్గుతుంది. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. ఎండలో రంధ్రాలు తెరిస్తే నీరు ఆవిరైపోతుంది. హవార్తియా పగలు వాటిని మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. రాత్రి తీసుకున్న కార్బన్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకు కణాల్లో దాచుకుంటుంది, తెల్లవారాక వెలుతురు సాయంతో ఆ నిల్వను చక్కెరగా మార్చుకుంటుంది. నీరు బాగా ఆదా అవుతుంది. కానీ రాత్రి దాచినంతే పగటికి సరుకు. ఆ నిల్వకు ఒక హద్దు ఉంది, ఆ హద్దే పెరుగుదలకూ హద్దు.

ఈ సంగతికి తొలి ఆధారాల్లో ఒకటి మన రణపాల ఆకులోనే దొరికింది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట బాధ్యతను విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి తరవాత చూసిన బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, రణపాల ఆకు ఉదయం నమిలితే పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని గమనించి ఒక లేఖలో రాశాడు. ఆ లేఖ లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ అనే ప్రకృతిశాస్త్ర సంఘం సంపుటంలో 1815లో అచ్చయింది. ఉదయపు పులుపు రాత్రి నిల్వ చేసుకున్న ఆమ్లానిదే. మీ అపార్ట్‌మెంట్లో ఎవరి కుండీలోనైనా రణపాల ఉంటే పొద్దున్నే ఒక చిన్న ముక్క, సాయంత్రం ఒక చిన్న ముక్క నమిలి ఉమ్మేసి చూడండి. మింగనక్కరలేదు.

రాత్రి చల్లదనం అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మన ఊళ్లలో పెరుగుదల క్యాలెండర్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రుళ్లు కూడా వేడి దిగదు, రంధ్రాలు సరిగా తెరుచుకోవు. మొక్క పని మానేస్తుంది. ఆకులు లోపలికి ముడుచుకుంటాయి, గుత్తి వెడల్పు నిజంగానే తగ్గుతుంది. మే నెలలో స్కేలు పెట్టి కొలిస్తే జనవరి కన్నా చిన్నదిగా తేలవచ్చు. అది చావు కాదు, విరామం. వానలు పడి వేడి తగ్గాక నెమ్మదిగా కదలిక మొదలవుతుంది. అసలు పెరుగుదల సెప్టెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది, శీతాకాలం రాత్రుళ్లు బాగా చల్లబడతాయి. ఈ మొక్కకు అది వరం. విజయవాడలోనో రాజమహేంద్రవరంలోనో ఉన్నవాళ్లకు ఈ కాలం ఇంకా కుదించుకుపోతుంది. ఇక డాలస్ ఎండ మన ఎండకు తీసిపోదు కానీ అక్కడి ఇళ్లు వేసవిలో రాత్రీ పగలూ ఏసీలోనే ఉంటాయి. మీ వదినగారి మొక్కకు వేసవి విరామం పెద్దగా తగిలి ఉండదు. శీతాకాలంలో అక్కడ సూర్యుడు మన దగ్గరకన్నా కిందుగా నడుస్తాడు, దక్షిణపు కిటికీ నుంచి ఎండ గదిలోకి చాలా దూరం వస్తుంది. మీ రెండు మొక్కలకూ తేడా అక్కడుంది. ఆవిడ వేసే ఎరువులో ఏదో మహిమ ఉందనుకోకండి.

కొలవడం గురించి. వెడల్పు కొలవకండి, నడుమ నుంచి వచ్చే ఆకులు లెక్కపెట్టండి. ఇప్పుడు గుత్తి నడిబొడ్డున ఉన్న చిన్న ఆకుల జతను చూడండి, రెండు కొనలు ఒకదానికొకటి అతుక్కుని సూదిలా నిలబడి ఉంటాయి. దాని పక్కన ఉన్న ఆకు మీద శాశ్వత మార్కరుతో ఒక చుక్క పెట్టండి. రెండు మూడు నెలల తరవాత ఆ చుక్క నడుమ నుంచి ఎంత బయటికి జరిగిందో, లోపల ఎన్ని కొత్త ఆకులు వచ్చాయో చూస్తే నిజం తెలుస్తుంది. అడుగున ఒకటి రెండు ఆకులు ఎండి కాగితంలా అవుతుంటాయి, అవి పాతవి, అది సహజం. పైన వచ్చేవాటికన్నా కింద ఎండేవి ఎక్కువైతేనే ఆలోచించాలి. ఇంకొకటి, హవార్తియా వేళ్లలో కొన్ని ముడుచుకుని మొక్కను మట్టిలోకి లాగుతాయి. పుట్టిన నేలలో, దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లో, ఎండ నుంచి కాపాడుకునే పద్ధతి అది. కుండీలో అయితే మొక్క కుంగిపోయినట్టు, చిన్నదైనట్టు కనిపిస్తుంది. అలాగే గుత్తి మధ్య నుంచి సన్నని కాడ ఒకటి అడుగు పొడవున లేచి చిన్న తెల్లని పూలు పూస్తుంది. ఎత్తు పెరిగిందని సంబరపడకండి, అది పూకాడ. బలహీనమైన మొక్క అయితే దాన్ని ముందే తుంచేయడం మేలు.

ఇప్పుడు మీ అసలు చిక్కు, వెలుతురు. ఈ మొక్క నీడలో బతుకుతుందని అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు, సగం నిజం. సొంత గడ్డ మీద ఇది పొదల కింద, గడ్డి మధ్య, సగం మట్టిలో కూరుకుని పెరుగుతుంది. కానీ ఆరుబయట పొద నీడంటే కొన్ని వేల లక్స్‌ల వెలుతురు (లక్స్ అంటే వెలుతురు కొలిచే ప్రమాణం). మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్. మీ టీవీ పక్కన బల్ల మీద వందో మూడొందలో ఉంటుంది. మన కన్ను రెంటికీ సర్దుకుపోతుంది కనక గది వెలుగ్గానే ఉన్నట్టు తోస్తుంది. ఫోనులో లక్స్ మీటర్ యాప్ వేసుకుని కుండీ ఉన్నచోట ఒకసారి, కిటికీ అంచున ఒకసారి చూడండి. అంకెలు అంత కచ్చితంగా ఉండవు కానీ తేడా ఎంతో అర్థమవుతుంది. నీడలో బతకడం వేరు, నీడలో ఎదగడం వేరు. మీ మొక్క ఏడాదిగా ఉన్న నిల్వతో బతుకుతోంది.

తూర్పు కిటికీ అన్నిటికన్నా మంచిది. ఉదయం రెండు మూడు గంటల ఎండ తగిలి, ఆ తరవాత రోజంతా వెలుతురు ఉంటే చాలు. దక్షిణపు కిటికీ అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు కాబట్టి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 తేదీల్లో మధ్యాహ్నం నీడ మాయమవుతుందని పత్రికలు ఏటా రాస్తుంటాయి కదా, ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండ దాదాపు రాదు. పడమటి కిటికీ అయితే మార్చి తరవాత పలచని తెర వేయండి. సాయంత్రపు ఎండకు ఆకులు ముందు ఇటుక రంగుకు తిరుగుతాయి, తరవాత కాలి మచ్చ పడతాయి. ఎర్రబడిన ఆకు నీడకు మార్చితే మళ్లీ పచ్చబడుతుంది, కాలిన మచ్చ పోదు. టీవీ పక్క నుంచి తెచ్చి ఒకేసారి ఎండలో కూర్చోబెట్టకండి. ముందు కిటికీకి రెండడుగుల దూరం, పది రోజుల తరవాత అంచు. కిటికీయే లేని చోటైతే తెల్లని ఎల్ఈడీ దీపం జానెడు ఎత్తులో రోజుకు పన్నెండు గంటలు వెలిగించినా పని జరుగుతుంది. రాత్రి మాత్రం చీకటి ఉండాలి, ఎందుకో పైన చెప్పాను.

వెలుతురు సరిచేసినా కదలకపోతే లోపం వేళ్లలో ఉంటుంది. కడియం నుంచి వచ్చినా, పశ్చిమ బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్ నుంచి వచ్చినా నర్సరీ మొక్కలు ఎక్కువగా కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొట్టులో వస్తాయి. వాళ్లకు అది సౌకర్యం, తేలిక, రవాణాలో చెదరదు. మన ఇంట్లో అది నడుమ తడిగానే ఉండిపోతుంది, పూర్తిగా ఎండితే మాత్రం నీళ్లు పట్టుకోకుండా పక్కల నుంచి జారవిడుస్తుంది. కొన్నిటికి వేళ్ల చుట్టూ సన్నని వలగుడ్డ కూడా చుట్టి ఉంటుంది. కొన్నాక ఎవరూ దాన్ని విప్పరు. ఏడాదైనా మీరు కుండీ మార్చినట్టు రాయలేదు కనక ఇదే మొదట చూడమంటాను. మొక్కను మొదలు దగ్గర పట్టుకుని బయటికి తీయండి. బతికిన వేరు లావుగా, తెల్లగానో లేత పసుపుగానో ఉండి వేలికి గట్టిగా తగులుతుంది. చచ్చినది గోధుమ రంగులో ఉండి, లాగితే పైతొక్క ఊడి లోపల దారంలాంటిది మిగులుతుంది. చచ్చినవన్నీ తీసేయండి, పాత కోకోపీట్ వీలైనంత దులిపేయండి, వలగుడ్డ ఉంటే కత్తిరించండి. వేళ్లలో, ఆకు మొదళ్లలో దూదిలాంటి తెల్లని పూత కనిపిస్తే పిండినల్లి. ఆకుల మీద ఉంటే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి, వేళ్లకు ఉంటే నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఆ తరవాత మొక్కను రెండు మూడు రోజులు నీడలో వట్టిగా వదిలేయండి. భయపడకండి, అది ఆ మాత్రానికి చావదు.

కొత్త మిశ్రమంలో గులక రెండు పాళ్లు, ఎర్రమట్టీ వర్మికంపోస్టూ కలిపి ఒక పాలు. గులక అంటే పెర్లైట్ అనే తేలికైన తెల్లని గుళికలు కావచ్చు, జల్లెడ పట్టి దుమ్ము తీసిన ఇటుక ముక్కలు కావచ్చు. ప్లాస్టరింగు పనికి వాడే సన్న ఇసుక మాత్రం వద్దు, బిగుసుకుపోతుంది. కుండీ మొక్కకన్నా రెండు వేళ్లు వెడల్పుంటే చాలు, మీకు మూడు అంగుళాలది సరిపోతుంది. పెద్ద కుండీలో పెడితే త్వరగా పెరుగుతుందన్నది బంతి మొక్కకు నిజం, దీనికి కాదు. వేళ్లు చేరని మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు తెస్తుంది. అడుగున రంధ్రం లేని పింగాణీ గిన్నెలు ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టేయండి.

వారానికోసారి నీళ్లు అనే లెక్కను వదిలేయండి. నాటిన వారం తరవాత మొదటి తడి. ఆ తరవాత సన్నని వెదురుపుల్ల అడుగు దాకా గుచ్చి, పొడిగా బయటికి వస్తేనే మళ్లీ పోయండి. పోసినప్పుడు చెంచాలతో కాదు, రంధ్రంలోంచి కారేదాకా పోయండి. శీతాకాలంలో పది పన్నెండు రోజులకోసారి కావచ్చు, జడివాన రోజుల్లో మూడు వారాలు అక్కరలేకపోవచ్చు. నిండు వేసవిలో నెలకు రెండుసార్లు, అదీ సాయంత్రం. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు చాలామంది మొక్కలకు పోస్తారు, పొదుపని. అందులో ఉప్పంతా చిక్కబడి ఉంటుంది. చిన్న కుండీలో అది పేరుకుని, మట్టి మీద తెల్లగా పొరకట్టి, వేళ్ల కొనలను మాడ్చేస్తుంది. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు.

మీరు మొదట అడిగిన ఎరువుకు చివర్లో వచ్చాను, ఎందుకంటే దాని వాటా అంతే. 19-19-19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) లీటరు నీళ్లకు అర గ్రాము, అక్టోబరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. కుండీ మార్చిన మొదటి రెండు నెలలు అదీ వద్దు. బియ్యం కడిగిన నీళ్లు, టీ పొడి ఇందులో వేయకండి, దోమల్లాంటి చిన్న పురుగులు చేరతాయి.

పిలకలు ఎప్పుడు వస్తాయని కూడా రాశారు. గుత్తి ఏడెనిమిది సెంటీమీటర్లు దాటి, వెలుతురు నిలకడగా ఉంటే వాటంతట అవే వస్తాయి. వచ్చీ రాగానే విడదీయకండి. పిలక తల్లిలో మూడోవంతు సైజుకు వచ్చి, సొంత వేళ్లు వేశాక తీస్తే దాదాపు అన్నీ బతుకుతాయి. తల్లితోపాటే ఉన్న పిలక విడిగా నాటిన దానికన్నా త్వరగా ఎదుగుతుంది కనక గుంపు కావాలనుకుంటే అసలు తీయనే వద్దు, అప్పుడు కుండీని లోతు కాకుండా వెడల్పు చూసి మార్చండి. ఇది సెప్టెంబరు, కుండీ మార్చడానికి తగిన సమయం. అక్టోబరు నడుమకు వేళ్లు పట్టుకుంటాయి. ఆకులను మెల్లగా కదిపితే మొక్క ఊగకుండా బిగువుగా నిలబడిందా అన్నది దానికి గుర్తు. ఊగుతుంటే ఎరువు సంగతి అటుంచి, నీళ్లు తగ్గించి ఇంకో మూడు వారాలు ముట్టుకోకుండా వదిలేయండి.